వృథా వేడిమి నుండి విద్యుత్తు

భారతదేశం ఉక్కు తయారీకి కావలసిన కోకింగ్ బొగ్గులో అధికభాగాన్ని విదేశాలనుండి కొనుగోలు చేస్తున్నది. ఇంత ఖర్చుతో తెచ్చిన బొగ్గు ఇచ్చే వేడిమిలో చాలా భాగం పని ముగియగానే గాలిలో కలిసిపోతున్నది.

ఇనుప ఖనిజాన్ని కరిగించే ఊదుకొలిమికి కోక్ కావాలి. బొగ్గును గాలి సోకని ఓవెన్లలో గంటల తరబడి కాల్చగా కోక్ తయారవుతుంది. వెలుపలికి వచ్చేటప్పుడు దాని ఉష్ణోగ్రత సుమారు 1,000 డిగ్రీల సెంటిగ్రేడు. గాలి తగిలితే అది మండిపోతుంది. కనుక దానిపై నీరు కుమ్మరించి చల్లార్చటం పాత పద్ధతి. తెల్లని ఆవిరి మేఘంవలె పైకి లేస్తుంది. ఆ ఆవిరితో నీరూ పోతుంది, వేడిమీ పోతుంది. ధూళి మాత్రం పరిసరాలకు మిగులుతుంది.

1992లో జాతికి అంకితమైన విశాఖపట్నం ఉక్కు కర్మాగారం నిర్మాణదశలోనే వేరొక మార్గాన్ని ఎన్నుకున్నది. ఇక్కడ ఎర్రని కోక్‌ను మూసిన గదులలోనికి దించి, దాని గుండా నత్రజనిని ప్రసరింపజేసే ఏర్పాటు ఉన్నది. నత్రజని మంటను పోషించదు; వేడిమిని గ్రహించి బాయిలరుకు చేరవేస్తుంది. అక్కడ నీరు ఆవిరియై టర్బైన్లను త్రిప్పుతుంది. చల్లబడిన వాయువు మరల గదిలోనికి వస్తుంది. ఈ ఆవిరితో నడిచేందుకు 7.5 మెగావాట్ల టర్బైన్లు రెండు నెలకొల్పబడినవి. వీటికోసం ఒక్క బొగ్గుపెళ్ళనైనా అదనంగా కాల్చనక్కరలేదు. పైగా నీరు తగలని కోక్ గట్టిగా ఉండి, ఊదుకొలిమిలో మెరుగుగా పనిచేస్తుంది.

అట్లయితే ప్రతి పొగగొట్టంనుండీ విద్యుత్తు తీయవచ్చునా? ప్రకృతి ఇక్కడ ఒక హద్దు గీసినది. వేడిమినుండి లభించే పని ఉష్ణోగ్రతల అంతరంపై ఆధారపడి ఉంటుందని 1824లోనే ఫ్రెంచి ఇంజనీరు సాడీ కార్నో నిరూపించాడు. పరిసరాల ఉష్ణోగ్రత 30 డిగ్రీలు అనుకొంటే, 1,000 డిగ్రీల వద్ద నిలకడగా అందే వేడిమిలో సిద్ధాంతరీత్యా 76 శాతం వరకు పనిగా మారగలదు; 150 డిగ్రీల వద్ద 28 శాతమే. ఆచరణలో దక్కేది ఇంకా తక్కువ. అంత స్వల్ప లాభానికి యంత్రాల ఖర్చు గిట్టుబాటు కాకపోవచ్చును.

అందుచేత వేడిమిని చల్లారిన పిదప వెదకుటకంటె, పుట్టినచోటనే పట్టుట మేలు. కర్మాగారం వెలసిన తరువాత ఇట్టి గదులకు, గొట్టాలకు చోటు కల్పించటం కష్టసాధ్యం. నమూనా గీసేనాడే ఆ ఆలోచన ఉండాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెత ఇంజనీర్లకు కూడా వర్తిస్తుంది.