ఇంటికి వచ్చిన బడి

విశాఖపట్టణమున మేమెఱిగిన ఇండ్లలో పెక్కింటియందు బీరువా పైయరలోనో, మంచము క్రిందనో ఒక పుస్తకముల కట్ట కానవచ్చును. అది ఏదో విశ్వవిద్యాలయమువారు తపాలాలో పంపిన పాఠముల కట్ట. కొన్నింటికి దారమైనను విప్పబడి యుండదు. ఆ ఇంటి ఇల్లాలు బి.ఏ.కో, ఎం.ఏ.కో రుసుము చెల్లించి, ఉత్సాహముతో పేరు వ్రాయించుకొని, సంవత్సరము తిరిగినపిమ్మట ఎవరైన ఆ ప్రస్తావన తెచ్చినచో మాట మార్చును. ఇప్పుడు ఆ కట్టకు బదులుగా చేతిఫోను వచ్చినది. తెరువని పాఠములు దానిలోపల నుండును గాన ఎవరి కంటను పడవు. అంతియే భేదము.

సోదరీమణులారా, ఇది స్త్రీల సోమరితనమని యనువారు కలరు. మేమట్లు తలపము. పిల్లల బడిలో గంట యున్నది, బల్ల యున్నది, హాజరుపట్టిక యున్నది, రాని దినమున ఏల రాలేదని యడుగు పంతులుగారున్నారు, ప్రక్కన గూర్చుండు స్నేహితురాలున్నది. ఇంటికి వచ్చిన బడిలో ఇవి యేవియు లేవు. వచ్చినది పాఠము మాత్రమే. తక్కినవి మనమే సమకూర్చుకొనవలసి యున్నదని పేరు వ్రాయించుకొనునాడు ఎవరును చెప్పరు. ఆ తక్కినవానిని గూర్చియే ఈ మాసమున ముచ్చటింప దలచితిమి.

తపాలా మూలమున స్త్రీలకు చదువు చెప్పుట క్రొత్త సంగతి కాదు. అమెరికాదేశమున బోస్టను నగరమందు అన్నా టిక్నరు అను విదుషీమణి 1873లో, ఇంటియొద్దనే చదువుకొనగోరు స్త్రీలకొఱకు ఒక సంఘమును నెలకొల్పెను. అది 1897 వరకు నడచినది. ఏడువేలకు పైగా స్త్రీలు దానివలన చదువుకొనిరి. పుస్తకములు పంపుటతో ఆ సంఘముపని తీరలేదు. ప్రతి విద్యార్థినికిని ఒక ఉపాధ్యాయిని యుండి, నెలనెల ఉత్తరము వ్రాసి, చదివినదేమో యడిగి, వచ్చిన జవాబును చూచి మరల వ్రాయుచుండెడిది. తనకొఱకు దూరమున నొకతె ఎదురుచూచుచున్నదను తలంపు ఆ స్త్రీలను చదివించినదని మా నమ్మకము.

మన వాల్తేరునందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు 1972లో తపాలా పాఠముల శాఖను తెఱచిరి. పదేండ్లకు, 1982 ఆగష్టులో, భారతదేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము హైదరాబాదున వెలసినది. అదియే పిమ్మట అంబేద్కరుగారి పేర పిలువబడుచున్నది. బడిచదువుల పత్రములు లేనివారికి సైతము అర్హతపరీక్ష పెట్టి పట్టపుచదువులో చేర్చుకొనుట నాడు దాని విశేషముగా నుండెను. పదునైదవయేట పెండ్లియై చదువు మానిన వేలకొలది స్త్రీలకు ఆ ద్వారము తెఱువబడినది. 2017 జూలైలో కేంద్రప్రభుత్వమువారు "స్వయం" అను పేర ఆన్‌లైను పాఠములను ఉచితముగా నందింప మొదలిడిరి. చదువుటకు రుసుము లేదు, పరీక్ష వ్రాసి పత్రము పొందగోరువారు మాత్రము చెల్లింపవలెను. కోవిడు వ్యాధిచే 2020 మార్చిలో బడులన్నియు మూతపడగా, పసిపిల్లలనుండి పట్టభద్రులవరకు అందఱును ఫోనునే బడిగా చేసికొనవలసి వచ్చినది. ఇంత జరిగినను, హార్వర్డు, ఎం.ఐ.టి. అను రెండు గొప్ప విద్యాపీఠములవారి ఆన్‌లైను పాఠములలో 2017-18లో పేరు వ్రాయించుకొనినవారిలో తుదివరకు నిలిచినవారు నూటికి సుమారు ముగ్గురే యని 2019లో ప్రకటింపబడిన యొక పరిశోధన తేల్చినది. పాఠములు చెప్పినవారు సామాన్యులు కారు, విన్నవారును మందమతులు కారు. కావున లోపము మఱియొకచోట వెదకవలెను.

మొదట వేళను గూర్చి చెప్పెదము. దినమునకొక గంట చదువుడని పుస్తకములు చెప్పును. ఏ గంట? గాజువాకలో మాకు తెలిసిన ఒక ఇల్లాలు ఎం.ఏ. తెలుగునకు ఇంటియొద్ద చదువుచున్నది. భర్త ఉక్కు కర్మాగారములో పనిచేయును. అచ్చట పని మూడు షిఫ్టులు: ఉదయము ఆఱు గంటలకు ఏ, మధ్యాహ్నము రెండు గంటలకు బి, రాత్రి పది గంటలకు సి. షిఫ్టు మాఱినప్పుడెల్ల వంటవేళ మాఱును, నిద్రవేళ మాఱును, క్యారేజి కట్టువేళ మాఱును. గడియారమునుబట్టి చదువువేళ పెట్టుకొని మూడు మాసములు శ్రమపడి, అది నిలువకపోగా, ఆమె గడియారమును విడిచి షిఫ్టునే పట్టుకొనెను. సి షిఫ్టు నాళ్ళలో పగలు భర్త నిద్రించును గాన ఇంట సద్దు కూడదు, వీడియో పాఠము వినరాదు. ఆ దినములలో పుస్తకము చదివి వ్రాతపని చేయును. బి షిఫ్టు నాళ్ళలో సాయంకాలము పిల్లలు తమ పాఠములు వ్రాసికొనుచుండ, ఆమెయు ఆ చాపమీదనే కూర్చుండి వీడియో వినును. ఏ షిఫ్టు నాళ్ళలో తెల్లవాఱుజామున నాలుగింటికి లేవక తప్పదు గాన ఆ దినములను సెలవుగా నెంచి, చదివినదానిని వంటచేయుచు మనసున త్రిప్పుకొనుటతో సరిపెట్టును. ఈ యేర్పాటు ఏ విద్యాలయమువారును వ్రాసియిచ్చినది కాదు.

ఫోనునకు మఱియొక చిక్కు కలదు. చేత పుస్తకమున్నచో చదువుచున్నదని ఇంటివారందఱికిని తెలియును. చేత ఫోనున్నచో తీరికగా నున్నదని తలంతురు. "ఏటే కోడలా, ఎప్పుడు చూసినా ఆ ఫోనేటి?" అను మాట మన వైపు ఇండ్లలో విననివారెవరు? అత్తగారి తప్పును మేమెన్నము. ఆమెకు కనబడుచున్నది ఫోనే కదా. వీడియో వినునప్పుడు ఎదుట నోటుపుస్తకము తెఱచి, చేత కలము పట్టుకొనుడు. వ్రాయుటవలని లాభమటుంచి, ఇంటివారు పనికి పిలుచుటకు ఒక్క క్షణమైనను సంకోచింతురు.

ఇంతవఱకు అక్షరములు వచ్చినవారిని గూర్చి వ్రాసితిమి. అక్షరములే రాని వయోజన స్త్రీల సంగతి వేఱు. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున చదువ వ్రాయ నేర్చిన స్త్రీలు నూటికి సుమారు 59 మందియే. మన యింట పనిచేయు ఆమెకో, ఇరుగుపొరుగు ముదుసలికో నాలుగక్షరములు నేర్పవలెనని పూనుకొను సోదరీమణులు తఱచుగా చేయు పని యొకటి కలదు: పిల్లవాని పలక తెచ్చి, అ, ఆ మొదలుకొని అః వఱకు దిద్దించుట. పది దినములు దిద్దినను ఆమె చదువగల మాట ఒక్కటియు రాదు. పదునొకండవ దినమున ఆమె రాదు.

పెద్దవారు పిల్లలు కారు. జాలరిపేట స్త్రీ చేపలరేవున వేలముపాటలో బుట్ట ధర, వాటా, లాభము కన్ను మూసి తెఱచునంతలో లెక్కకట్టును. ఆమెకు చింతపిక్కలతో కూడికలు నేర్పబోవుట అవమానించుటయే. ఆమెకు రానిది అంకెను కాగితముపై గుర్తించుట, పొదుపుసంఘము తీర్మానపుస్తకములో తన పేరునకెదుట ఎంత వ్రాసిరో చదువుట, అప్పుకాగితమున వ్రేలిముద్ర వేయుటకు ముందు అందేమున్నదో తెలిసికొనుట. ఆమె నష్టపోవుచున్న చోటు అది. పాఠమును అచ్చటనే మొదలిడవలెను.

వ, ల, ప, డ, త అను అయిదక్షరములు చాలును. వల, పడవ, తల, వడ. మొదటి దినముననే నాలుగు మాటలు చదివినదగును. బ్రెజిలుదేశమున పావులో ఫ్రెయిరీ అను పండితుడు 1963లో ఆంజికోస్ అను పల్లెపట్టణమున మూడువందలమంది శ్రామికులకు నలువది గంటలలో చదువ వ్రాయ నేర్పెనని ప్రసిద్ధి. ఇటుక వంటి వారి నిత్యజీవితపు మాటను తీసికొని, దానిని గూర్చి వారిచే మాటాడించి, పిమ్మట దాని యక్షరములను విడదీసి చూపుట ఆయన పద్ధతి. మాటాడించుట ముందు, అక్షరము వెనుక. ఇది మనకు తెలియనిది కాదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా యుద్యమమునకై వ్రాసిన వాచకమున సీతమ్మకథ యను పాఠముండెను. సారాచే చెడిన సంసారపు కథ అది. దూబగుంట స్త్రీలు దానిని చదివి, తమలో తాము మాటలాడుకొని, ఊరి సారా దుకాణమును మూయించిరి. అక్కడ పుట్టిన యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషేధింపబడువఱకు ఆగలేదు. ఆ పాఠములో బాలశిక్షలోవలె అ, ఆ, లు వరుసగా వచ్చియుండవు. అయినను చదువు వచ్చినది.

భాష విషయమై యొక మాట. దూరవిద్యాపుస్తకములలో కొన్ని ఆంగ్లమునుండి తెనిగింపబడినవై, అర్థముకొఱకు తిరిగి ఆంగ్లమునే వెదకవలసి వచ్చును. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరల భాష నేర్చి వారికి వారి భాషలోనే చదువు చెప్పించినవారు. ఈ పట్టణమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానోపాధ్యాయులగు పి.టి. శ్రీనివాసయ్యంగారును వ్యావహారికమును సమర్థించి వారితో కలిసి పనిచేసిరి. గ్రాంథికమున వ్రాయుచు వారిని మెచ్చుచున్నామని నవ్వువారు నవ్వుదురు గాక. మాకు పసినాట ఇంటియొద్ద పట్టుబడిన భాష యిది, వేఱుభాషలో వ్రాయుట మాకు కష్టము. పాఠము కఠినమైనపుడు మీ చెల్లెలికి చెప్పుచున్నట్లు మీ వాడుకమాటలలో దానిని పుస్తకపు అంచున వ్రాసికొనుడు. అట్లు వ్రాయలేని పుటను మీరింకను చదువలేదనుకొనుడు.

వీడియో పాఠమున ఒక మోసము కలదు. వినుచున్నంతసేపు అంతయు తెలిసినట్లుండును. ఫోను ప్రక్కన పెట్టినతోడనే ఏమియు జ్ఞాపకముండదు. మేము చిన్ననాడు అమరము వల్లెవేసి, పుస్తకము మూసి పెద్దలకు అప్పజెప్పువారము. పాతకాలపు శిక్ష యని నేటివారు దానిని గేలిచేయుదురు. అర్థము తెలియక వల్లించుట మాకును సమ్మతము కాదు. కాని మూసి అప్పజెప్పుట గొప్ప యుపాయము. ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు 1885లోనే తనపై తాను పరీక్షలు చేసికొని, నేర్చినది మొదటి దినముననే ఎంత వేగముగా జారిపోవునో లెక్కవేసి చూపెను. పది నిమిషములు వినుడు, ఫోను బోర్లించుడు, విన్నది పైకి చెప్పుడు. మఱునాడొకసారి, వారమునకొకసారి మరల చెప్పుడు. అప్పజెప్పుటకు పెద్దలు లేనిచో ఇంట ఏడేండ్ల పిల్లయైనను చాలును. ఆమె పుస్తకము పట్టుకొని తప్పులు పట్టుటకు మిక్కిలి సంతోషించును.

అంతకన్న మేలు తోడు వెదకుకొనుట. దుర్గాబాయి దేశముఖ్ గారి చరిత్రలో ఈ వాల్తేరునకు సంబంధించిన ఘట్టమొకటి కలదు. కారాగారవాసము పిమ్మట ఆమె ఇంటియొద్ద చదివి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్ష నిచ్చెను. పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోగా, స్త్రీలకు వసతిగృహము లేదు గాన చేర్చుకొనజాలమని వైస్‌ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు చెప్పిరి. వసతి లేక చదువు మానిన బాలికలెవరైన నున్నచో తనకు వ్రాయవలసినదని ఆమె పత్రికలో ప్రకటించెను. వ్రాసినవారిని కూడగట్టుకొని తామే వసతిగృహము నడుపుకొనిరి. రెడ్డిగారికి కాదనుటకు వీలు లేకపోయినది. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలివారు నడుమ చదువాగిన స్త్రీలకొఱకు 1958లో సంక్షిప్త విద్యాతరగతులను ప్రారంభించిరి. ఆ మండలికి తొలి అధ్యక్షురాలు ఆమెయే. మీ వీధిలోనో, మీ క్వార్టర్ల వరుసలోనో అదే పరీక్షకు చదువు మఱియొకతె యుండకపోదు. వారమునకొకసారి ఒకరి జవాబు నొకరు దిద్దుకొనుడు. ఎదురుచూచు మనిషి దొరకినట్లే.

రుసుము చెల్లించుటకు ముందు చూడవలసినవి కొన్ని కలవు. ఆ విద్యాలయమునకు, ఆ పాఠ్యక్రమమునకు విశ్వవిద్యాలయముల నిధుల సంఘమగు యు.జి.సి. వారి దూరవిద్యా విభాగపు అనుమతి ఆ సంవత్సరమునకు కలదో లేదో వారి పట్టికలో చూచుకొనుడు. అనుమతి గల సంస్థలలో దూరవిద్యగాను, ఆన్‌లైనుగాను పొందిన పట్టము బడికి పోయి పొందినదానితో సమానమని యు.జి.సి. వారు 2022 సెప్టెంబరులో ప్రకటించిరి. వైద్యము, ఇంజనీరింగు, నర్సింగు మాత్రము ఇట్లు చదువుటకు వీలులేదు. ఇప్పింతుమని ఎవరైన చెప్పినచో డబ్బు ఇయ్యకుడు.

ఇక పరీక్ష. పాఠము ఫోనులో విన్నను పరీక్ష పెక్కుచోట్ల మూడు గంటలు చేతితో వ్రాయవలసినదే. పదునైదేండ్లుగా సరకుల చీటి తప్ప మఱేమియు వ్రాయని చేయి అరగంటలో నొప్పిపెట్టును. అన్నియు తెలిసి, చేయి సాగక, తుది రెండు ప్రశ్నలు విడిచి వచ్చినవారిని మేమెఱుగుదుము. మొదటివారము దినమున కొక అరపుట వ్రాయుడు. రెండవవారము ఒక పుట. నెల దాటినపిమ్మట ఆదివారము మధ్యాహ్నము ఇంటివారికి ముందుగా చెప్పి, తలుపు వేసికొని, గడియారము నెదుట పెట్టుకొని, పాత ప్రశ్నపత్రమొకటి మొదటనుండి తుదివఱకు వ్రాసి చూడుడు.