జపానులో పని నేర్చుట – మన సంఘముల కర్తవ్యము

జపాను పేరు మన వరిరైతునకు క్రొత్తది కాదు. 1953 సంవత్సరమున దేశమంతట "జపాను పద్ధతి" వరిసేద్యమును గూర్చి గొప్ప ప్రచారము జరిగెను. ఎత్తుగా కట్టిన నారుమళ్లు, ఉప్పునీటిలో వేసి తాలు తేల్చివేసిన విత్తనము, వరుసనాట్లు, వరుసల నడుమ కలుపుదీత, పుష్కలముగ నెరువు, ఇవి దాని యంగములు. ఎరువులకును కూలికిని వ్యయము హెచ్చగుటచే దానిని సాంగముగ నాచరించుట సామాన్యరైతునకు కష్టమయ్యెను. అయినను విత్తనశుద్ధిని, వరుసనాటును నేటికిని మేము రైతులకు బోధించుచునే యున్నాము. పరదేశపు విద్యలో మన పొలమునకు తగినది నిలుచును, తగనిది పోవును.

ఇప్పుడు జపానునుండి పద్ధతులు వచ్చుటయే కాక మన యువకులే యచ్చటికి పోవుచున్నారు. 2025 ఆగస్టులో ఉభయప్రభుత్వములును అయిదేండ్లలో 5 లక్షలమంది యిరుదేశముల నడుమ రాకపోకలు సాగింపవలెననియు, అందు 50 వేలమంది మనదేశపు పనిమంతులు జపానునకు బోవలెననియు నిశ్చయించుకొన్నవి. ఈ పిలుపు రైతుబిడ్డలకును వచ్చును. కావున సభ్యులు ముందుగనే యోచించుకొనుట మేలు.

జపానులో పరదేశీయులు పని నేర్చు మార్గములలో రెంటిని మాత్రమిచ్చట పోల్చి చూపెదము. మొదటిది 1959లో స్థాపింపబడి ఏ.ఓ.టి.ఎస్. అను పేర ప్రసిద్ధమైన సంఘము నడపునది. వెనుకబడిన దేశముల కర్మాగారములు తమ పనివారినే యెన్నుకొని పంపును. వారు కొన్ని వారములు భాషను, ఆచారములను నేర్చి, పిమ్మట జపాను కర్మాగారమున పని నేర్చి, తమ కర్మాగారములకే మఱలుదురు. పోవునాడే వచ్చి చేయవలసిన పని సిద్ధముగ నుండును. నేర్చిన విద్య తుప్పుపట్టదు.

రెండవది 1993లో మొదలైన సాంకేతిక శిక్షణార్థుల పథకము. మన ప్రభుత్వమును 2017లో దీనికై యొడంబడిక చేసికొన్నది. శ్రామికుల కొఱత తీర్చుకొనుటకు దీనిని సాధనముగ వాడరాదని జపానువారి 2016 సంవత్సరపు శాసనమే చెప్పుచున్నది. కాని జరిగినది వేఱు. ఆ దేశమున వ్యవసాయమే ముఖ్యవృత్తిగా గల రైతుల సగటు వయస్సు 67 ఏండ్లు దాటినది. కూరగాయల తోటలకు, పశువులశాలలకు, చేపల కర్మాగారములకు చేతులు కావలెను. 2024 సంవత్సరాంతమున నీ పథకముక్రింద నచ్చట నున్నవారు నాలుగున్నర లక్షలకు మించిరి. అందు వియత్నామువారే యధికులు.

వీరి కష్టములకు మూలము అప్పు. జపాను ప్రభుత్వము 2022లో విచారింపగా, సగముకంటె నెక్కువమంది అప్పుచేసి వచ్చినట్లు తేలెను. వియత్నామువారు సగటున 6 లక్షల 80 వేల యెన్నులకు మించి చెల్లించియుండిరి. ఫిలిప్పీనులవారు లక్ష యెన్నుల లోపే చెల్లించిరి. ఏలయన శిక్షణార్థులనుండి పంపుసంస్థలు రుసుము గొనరాదని అచ్చటి ప్రభుత్వము కట్టడి చేసినది. పని యొకటే, దేశ మొకటే, కట్టడిలోనే యింత భేదము! అప్పుపడినవాడు యజమాని క్రూరుడైనను నోరెత్తలేడు. యజమానిని మార్చుకొనుటకు సాధారణముగ వీలులేదు. అందుచే 2023లో తొమ్మిది వేలకు పైగా శిక్షణార్థులు తమ తావులను విడిచి కనబడకుండ పోయిరి. జపానువారు ఈ లోపమును గుర్తించి 2024 జూనులో నూతన శాసనమును చేసిరి. ఒకటి రెండేండ్లు పని చేసి, భాషలోను పనిలోను పరీక్షలు నెగ్గినవాడు అదే వృత్తిలో వేఱు యజమానికడకు పోవచ్చును. శ్రామికులను సంపాదించుకొనుటయు తన యుద్దేశములలో నొకటియని ఆ శాసనము దాచక చెప్పినది. 2027 ఏప్రిలు 1వ తేది దానికి ప్రారంభదినముగ నిర్ణయింపబడినది.

"ఇచ్చట సేద్యములో మిగులునదేమి? అచ్చటి జీతముతో ఇంటి యప్పు తీఱును గదా!" యని కొందఱు సభ్యు లడుగుదురు. అది త్రోసివేయదగిన మాట కాదు. ధనార్జనకై పోవువానిని మేము నిందింపము. కాని కూలికి పోవుచు విద్యకు పోవుచున్నామని భ్రమపడుట యనర్థము. మూడేండ్లు పెట్టెలలో కూరగాయలు సర్ది వచ్చినవానికి ధనము మిగులవచ్చును. పని విద్య మిగులునా యని బయలుదేరుటకు ముందే యడుగవలెను.

వర్తకసంబంధముచేత విద్య యెట్లు వేరూనునో మన దేశముననే నిదర్శనములు కలవు. 1982లో సుజుకీ కంపెనీతో మన ప్రభుత్వ మొడంబడిక చేసికొని, 1983 డిసెంబరులో గుర్గావున మారుతి కారును వెలువరించినది. పనివారు జపానునకు బోయి నేర్చి వచ్చిరి. వచ్చి యితరులకు నేర్పిరి. మన శ్రీసిటీలో 2016లో ఇసుజు కర్మాగారము తెఱవబడినది. ఆ యేడే, పదేండ్లలో 30 వేలమందికి మన దేశముననే జపాను పనిరీతులను నేర్పవలెనని యొడంబడిక జరిగినది. ఆ రీతులలో నొకటి మన సంఘపు గిడ్డంగికిని పనికివచ్చును: అక్కఱలేనివానిని ఏఱివేయుట, ఉన్నవానిని వాని వాని తావున నుంచుట, శుభ్రపఱచుట, ఆ శుభ్రతను నిలుపుట, దీనినంతయు నలవాటు చేసికొనుట. దీనికి ఖర్చేమి?

ఇక సంఘములు చేయవలసినదానిని సంగ్రహముగ చెప్పెదము. దళారిచేతిలో పొలము తాకట్టుపెట్టి యెవ్వరును బిడ్డను పంపరాదు. మనదేశమున ఈ పథకమును పర్యవేక్షించు జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థచే ఆమోదింపబడిన పంపుసంస్థయా కాదా యని మొదట విచారింపవలెను. తెలంగాణములో విదేశోద్యోగములకై ప్రభుత్వసంస్థయే యున్నది, అచ్చట నడుగవచ్చును. ప్రతి రూపాయికిని రసీదు పుచ్చుకొనవలెను. ప్రయాణమునకు కొన్ని నెలల ముందే భాష నేర్వవలెను. ఒప్పందపత్రమును చదువలేనివానికి శాసనము తోడుపడదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. మన యూళ్లలో నాట్లయంత్రములును కోతయంత్రములును పెరుగుచున్నవి. నాట్లవేళ యంత్రము ఆగినచో బాగుచేయువానికొఱకు రోజులు కాచుకొనునంతలో నారు ముదురును. ఒక మండలములోని సంఘములు కలిసి యొక యువకుని యెన్నుకొని, నిబంధనలు సమ్మతించినంతలో తగుపాటి వడ్డీకి ఋణమిచ్చి, ఈ విద్యకే పంపి, వచ్చినపిదప తమ యంత్రముల యద్దెకేంద్రమున వానికి జీతమిచ్చి నిలుపుకొన్నచో ఏ.ఓ.టి.ఎస్. మార్గమున కర్మాగారములు పొందిన లాభమునే రైతులును పొందుదురు.

వచ్చు సర్వసభ్యసమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టి, మనకు కావలసిన పని విద్య యేదో, పోయివచ్చినవానికి మన మియ్యగల తా వేదో మొదట వ్రాసికొనుడని సభ్యులను కోరుచున్నాము.