పుట్టినింటికి బోవు పక్షులు

ఆంగ్ల పాఠ్యపుస్తకములు చదివిన బాలికలను వసంతమును గూర్చి వ్యాసము వ్రాయుమనిన, వసంతము వచ్చినది, పక్షులు తిరిగివచ్చినవి యని యారంభింతురు. ఆ పుస్తకములు పుట్టిన దేశములందు ఆ మాట సత్యమే. అచ్చట శీతకాలమున నేల మంచుక్రింద నుండును; పురుగు దొరకదు, గింజ దొరకదు. దక్షిణమునకు వలసబోయిన పిట్టలు మరలివచ్చిననాడే వారికి వసంతము. మన నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములందు కథ వేఱు. మాఘ ఫాల్గుణములు మన చెఱువులపై పక్షుల రాకకు గాక పోకకు కాలము. ఆశ్వయుజ కార్తికములందు వచ్చిన యతిథులు ఇప్పుడు ప్రయాణమునకు సిద్ధపడుచుండును. వానిని సాగనంపుటకు ఒక యుదయమున చెఱువుగట్టునకు బోయి రండని మా చదువరులను ఈ మాసమున కోరుచున్నాము.

నల్లమల కొండలకును ఎఱ్ఱమల కొండలకును నడుమ, కుందూనది పాఱు నల్లరేగడి లోయలో ఈ రెండు పట్టణములును గలవు. ఈ సీమలో ప్రకృతి యిచ్చిన సరస్సులు అరుదు. నీరు నిలుచు చోటులు చాలవఱకు మనుష్యులు కట్టినవే. దక్షిణమున నున్న పోరుమామిళ్ళ చెఱువునకు సంబంధించిన విజయనగర కాలపు శాసనము 1369 నాటిది. కర్నూలు కడప కాలువను మద్రాసు కంపెనీ యొకటి 1863లో త్రవ్వ నారంభించెను. 1882లో ప్రభుత్వమువారు దానిని కొనిరి. మన కాలమున తెలుగుగంగ పథకము క్రింద వెలుగోడున పెద్ద జలాశయము వెలసినది. ఈ నీటివలన వరిమళ్ళు, మళ్ళవలన నత్తలు, పురుగులు, చేపపిల్లలు, రాలిన గింజలు; వానివలన పక్షులు. కావున మన చెఱువులపై వ్రాలు పక్షులు మనము నిలిపిన నీటిని నమ్ముకొని వచ్చినవి. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనిన తక్కినదంతయు సులభముగా బోధపడును.

నంద్యాలవారు చిన్నచెఱువు గట్టునకును కుందూ యొడ్డునకును పోవచ్చును. ఆళ్ళగడ్డవారికి వక్కిలేరును, కాలువక్రింది మళ్ళును ఉన్నవి. బండి సౌకర్యము గలవారు వెలుగోడునకు బోవుట మేలు. సూర్యోదయమునకు ముందే బయలుదేరవలయును. తూర్పుగట్టున నిలిచి యెండ వీపున దగులునట్లు చూచిన పిట్టల రంగులు స్పష్టముగా గనబడును. ఎదురెండలో కొంగయు కాకియు ఒకటే వన్నె. జరీచీరలు, కెంపువన్నె చీరలు ఆనాటికి వలదు. మట్టిరంగు నేతచీర చాలును. దుర్భిణి యున్న మంచిదే, లేకున్నను వెనుదీయ నక్కఱలేదు. ఒక చిన్న పుస్తకమును పెన్సిలును మాత్రము మఱవరాదు. తేది, చోటు, పక్షి పోలిక, లెక్క - ఈ నాలుగింటిని అచ్చటనే వ్రాసికొనవలయును. ఇంటికి వచ్చి వ్రాసినది సగము ఊహ యగును. పెద్దగుంపును లెక్కించుటకు మొదట పది పక్షులను లెక్కించి, ఆ పది యెంత మేర నాక్రమించినవో చూచుకొని, అట్టి భాగములు ఎన్నియో యెంచుట తెలిసినవారి పద్ధతి. పిల్లల కిది మంచి యాట.

ముందుగా ఇంటివారిని గుర్తెఱిగిన అతిథులను పోల్చుకొనుట సులభము. చూచుచుండగనే మునిగి మఱియొకచోట తేలు చిన్నది బుడబుంగ. నల్లని దేహమున నుదుట తెల్లబొట్టు గలది బొల్లికోడి. మోటుపై కూర్చుండి ఱెక్కలు రెండును ఆరవైచుకొనునది నీటికాకి. బురదవన్నెతో కదలక యుండి, లేచినంతనే తెల్లని ఱెక్కలు చూపునది గుడ్డికొంగ. మన కాలికి నాలుగుబారల దూరమునుండి గోలచేయుచు లేచునది తీతువు.

ఈ తీతువును గూర్చి యొక మాట చెప్పవలసియున్నది. రాత్రివేళ ఇంటిమీదుగా తీతువు కూసిన కీడని మన పెద్దలు భయపడుట కద్దు. ఆ పక్షి గూడు కట్టదు. వట్టినేలపై గులకఱాళ్ళ నడుమ గ్రుడ్లు పెట్టును. వేసవి ముఖమునుండి దానికి గ్రుడ్లకాలము. కుక్కయో నక్కయో మనుష్యుడో ఆ దిక్కునకు వచ్చిన దాని గుండె చెదరి యఱచును. ఆ కూత మన కీడును దెలుపుట గాదు. తన బిడ్డలకు కీడు వచ్చుచున్నదని మొఱపెట్టుట. బిడ్డల తల్లులమైన మనము దానిని తిట్టిపోయుట న్యాయమా?

ఇక అతిథుల మాట. సూదివలె సాగిన తోక గల బాతులు, గరిటెవంటి మూతితో నీటిని వడగట్టి తినెడు బాతులు సైబీరియా, మధ్యాసియా దేశములనుండి వచ్చును. మడిగట్టున తోక నాడించుచు పరుగులిడు చిన్నపిట్టలలోను వలసవచ్చినవి కలవు. జొన్నచేలపై మేఘమువలె వ్రాలు గులాబివన్నె గోరింకలు మధ్యాసియావే. మోదుగ, బూరుగు పూచినపుడు ఆ పూలతేనెకై మూగుచు, అవి చైత్రమువఱకు నిలుచును. మన కావ్యములందు వినిన జక్కవయు ఈ కోవలోనిదే. నారింజవన్నె దేహము, లేతవన్నె తల గల పెద్దబాతు అది. రాత్రియైన ఆ దంపతులకు ఎడబాటు తప్పదని కవులు చెప్పిరి. జక్కవలు రాత్రులందును మేతకై తిరుగుచు, ఒకదాని నొకటి పిలుచుకొనుచుండును. చీకటిలో ఆ పిలుపులు వినిన వారికి అట్టి కల్పన తోచుట వింతగాదు. కవులు చెప్పని సంగతి యొకటి కలదు: ఆ జంట వేసవిలో లడఖు, టిబెట్టు ఎత్తుభూములకు బోయి, కొండ సందులలోను బిలములలోను గ్రుడ్లుపెట్టి పిల్లలను జేయును.

అతిథులలో మిక్కిలి గొప్ప ప్రయాణము చేయునది తెల్లని తలవెనుక రెండు నల్లపట్టెలు గల పెద్దబాతు. రెండు మూడు కిలోగ్రాముల బరువుండును. శీతకాలమున దక్కను జలాశయములందు దిగి, చేలలో మేసి, వేసవికి టిబెట్టునకును మంగోలియాకును మరలును. మంగోలియాలో మెడకు గుర్తుపట్టీలు కట్టిన బాతులు మన పొరుగుననున్న కర్ణాటకపు చెఱువులలో కనబడుట దీనికి నిదర్శనము. నడుమ హిమాలయము లడ్డముగా నున్నవి. ఈ పక్షులకు చిన్న యంత్రములను కట్టి శాస్త్రజ్ఞులు పరిశీలింపగా, ఆరువేల మీటరులకు మించిన యెత్తున నవి పోవుచున్నట్లు తేలినది. ఆ యెత్తున మనకు ఊపిరి యాడుటయే కష్టము. పలుచని గాలినుండియు ప్రాణవాయువును గట్టిగా పట్టుకొను శక్తి దాని రక్తమున కున్నది. కాళిదాసు మేఘసందేశమున మానససరోవరమునకు బోవు రాజహంసలు కలవు. కవుల హంస యేదియో యను విషయమున పండితులలో భేదాభిప్రాయము లున్నను, ఈ పట్టెతల బాతే యనువారు కొందఱు గలరు.

మేత దొరకు చోటు విడిచి ఇంత శ్రమకోర్చి పోవుట యెందులకని పిల్లలు అడుగుదురు. వారికి మన యాచారముతోనే సమాధానము చెప్పవచ్చును. మన యింటి ఆడపడుచు పురిటికి పుట్టినింటికి బోవును. మూడవ నెలనో అయిదవ నెలనో బిడ్డ నెత్తుకొని మెట్టినింటికి మరలివచ్చును. ఈ బాతుకు ఉత్తరము పుట్టినిల్లు. అచ్చట వేసవిలో పగలు మిక్కిలి దీర్ఘము. మంచు కరగిన బీళ్ళలో లేతగడ్డి విస్తారము. మన వేసవిలో చెఱువులు ఎండిపోవును. జ్యేష్ఠమాస ప్రాంతమున పిల్లలు పొదుగబడును. కార్తికమునాటికి, అనగా ఇంచుమించు అయిదవ నెలకు, తల్లిదండ్రులు వానిని వెంటబెట్టుకొని హిమాలయములు దాటి మన చెఱువులకు వచ్చును. త్రోవను పిల్లలు పెద్దలవెంట నెగిరి నేర్చుకొనును. కావున మన చెఱువు ఆ పక్షికి సత్రము గాదు, మెట్టినిల్లు.

మన యిల్లును పుట్టినిల్లుగా జేసికొనిన పక్షులును కలవు. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలమున వీరాపురమను గ్రామమునకు ఎఱ్ఱకాళ్ళ కొంగలు శీతకాలము చివర వచ్చి, ఊరి చెట్లపైననే గూళ్ళు కట్టి పిల్లలను జేయును. గ్రామస్థులు వానిని పురిటికి వచ్చిన ఆడబిడ్డలవలె జూచుకొనుట ప్రసిద్ధము. చుట్టుప్రక్కల చెఱువులు ఎండినయేడు వాని రాకయు తగ్గును. వసంతమున తిరిగివచ్చినదని మనమనుకొను కోయిల మాత్రము ఎచ్చటికిని బోలేదు. శీతకాలమంతయు మన తోటలలోనే మౌనముగా నుండి, కాకులు గూళ్ళు కట్టు కాలము సమీపింపగా నోరు విప్పినది.

సాగనంపుటలో ఒక మర్యాద కలదు. ప్రయాణమైన గర్భవతిని మనము కడుపునిండ తిననిత్తుము, విశ్రమింపనిత్తుము. ఈ పక్షులు ప్రయాణమునకు ముందు వారముల తరబడి మేసి దేహమున క్రొవ్వు కూర్చుకొనును. ఆ క్రొవ్వే వానికి దారి బత్తెము. పిల్లలు రాళ్ళు విసరి, కేకలు వేసి, కుక్కలను ఉసిగొలిపి గుంపును లేపినపుడు అది చూచుటకు అందముగనే యుండును. సెల్‌ఫోనులో ఎగురుచున్న చిత్రము తీయవలెనని పెద్దవారును అట్లే చేయుచున్నారు. లేచిన ప్రతిసారియు ఆ బత్తెములో కొంత వ్యర్థమగును, మేయవలసిన కాలము పోవును. కావున చూచుటకు బోవువారు దూరముననే నిలువవలయును. పక్షులు మేత మాని తలలెత్తి మనవైపు చూచినచో మితిమీరి చేరువైతిమని గ్రహించి, రెండడుగులు వెనుకకు వేయవలయును.

ఇంటిలోనుండియే చేయదగిన పనులు మూడు గలవు. మొదటిది వంటయింటిది. వలపన్నియు మందుపెట్టియు పట్టిన నీటిపిట్టలను సంచులలో తెచ్చి అమ్మజూపువారు కొన్ని యూళ్ళలో నున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత ఇట్టి వేట నిషిద్ధము. మందుతో చచ్చిన పిట్ట తినువారికిని అపాయకరము. చట్టము పట్టుకొనలేని వానిని గృహిణి నిలుపగలదు. మా పొయ్యిపై నిది యెక్కదని ఆమె యొక్కమాట చెప్పిన, ఆ యింటి మగవారు కొనరు. కొనువారు లేనినాడు వల పన్నువాడును ఉండడు. రెండవది పొలముది. పురుగుమందు చల్లిన డబ్బాలను కాలువలోను చెఱువులోను కడుగనీయరాదు; ఆ నీటి నత్తనే కొంగ తినును, ఆ నీటినే దిగువయూరి పసివాడు త్రాగును. మూడవది పండుగది. వినాయకచవితికి రంగులులేని మట్టిబొమ్మనే పూజించి నీట గలిపిన, మఱునెలలో వచ్చు అతిథులకు చెఱువు శుభ్రముగా నుండును.

ఇవి చిన్నపనులని యుపేక్షింప వచ్చునా? మన నంద్యాల జిల్లాలోనే దీనికి సమాధానము కలదు. నందికొట్కూరు ప్రాంతమున రోళ్ళపాడు గడ్డిబీళ్ళలో బట్టమేకపిట్ట యుండెడిది. మీటరు ఎత్తున నిలుచు గంభీరమైన పక్షి. సాధారణముగా ఏడాదికి ఒక్క గ్రుడ్డు, అదియు వట్టినేలపై. దానికొఱకు 1988లో అచ్చట అభయారణ్యము నేర్పఱచిరి. అయినను చుట్టునున్న బీళ్ళు దున్నబడినవి. పక్షి తిరుగు చోటు తఱిగిపోయినది. ఇటీవలి సంవత్సరములలో అది అచ్చట కనబడుట లేదు. దేశమంతట గూడిన రెండువందలు లేవు. ఒకనాడు అదియు ఏటేట కనబడుచుండెడి పక్షియే. వచ్చే యేడును కనబడునని అందఱును అనుకొనుచుండిరి.

అందువలననే చిన్నపుస్తకము నంతగా నొక్కి చెప్పితిమి. ఈ ఫాల్గుణమున ఏ పక్షి ఏ దినమువఱకు మన చెఱువున నున్నదో, ఎన్ని యున్నవో వ్రాసియుంచుడు. కార్తికమున మరల అదే గట్టున నిలిచి, ఆ పుట ప్రక్కనే క్రొత్తలెక్క వ్రాయుడు. ప్రతి జనవరిలో పలుదేశములవారు కలిసి నీటిపక్షులను లెక్కించు పని 1987 నుండి జరుగుచున్నది. పెద్ద చెఱువులకు లెక్కించువారు దొరకుదురు, మన యూరి చెఱువునకు మనమే దిక్కు. రెండు మూడేండ్లు ఇట్లు వ్రాసిన, పక్షులు తగ్గుచున్నవో పెరుగుచున్నవో మన చేతివ్రాతయే చెప్పును. పంచాయతీవారితోనైనను అధికారులతోనైనను మాటాడుటకు అది ఆధారమగును. లెక్క తగ్గినచో లోపము దారిలో నున్నదో మన చెఱువులో నున్నదో విచారింతము. మన చెఱువులోనిది మాత్రము దిద్దుకొనుట మన చేతిలోని పని.