చిన్న వంతెనకీ ఒక ఫొటో కావాలి

పాత ఇనప వంతెన పక్కన కొత్త కాంక్రీటు వంతెన లేస్తుంటే అందరం సంతోషిస్తాం. సంతోషించాలి కూడా. గెడ్డ పొంగితే డోలీలో ఉన్న నిండు చూలాలు ఈ ఒడ్డునే ఆగిపోయే ఊళ్ళు మన మన్యంలో ఇంకా ఉన్నాయి. అందుకే పాతదాన్ని ఉంచేయమని నేను అడగను. తీసేసే ముందు దాని సంగతులు రాసిపెట్టుకుందాం అంటాను, అంతే.

"తుప్పు ఇనుముకి చరిత్రేంటి?" అంటారు మావారు. రాజమండ్రి పాత బ్రిడ్జి గురించి మాత్రం అలా అనరు! గోదావరి మీద ఆ హేవలాక్ వంతెన 1900లో రైళ్ళకి తెరుచుకుంది, 1997లో విశ్రాంతి తీసుకుంది. 56 స్పానులు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. పెద్దది కాబట్టి పుస్తకాలకెక్కింది. అదే రాజమండ్రి నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళేదే 516ఇ జాతీయ రహదారి. ఇలాంటి రోడ్లు వెడల్పయ్యేకొద్దీ వాటికి కలిసే చిన్న దారులూ మారతాయి. దారి మారితే ముందు పోయేది ఇరుకు వంతెనే. దాని గురించి ఏ పుస్తకంలో వెతుక్కుంటాం?

రాయడానికి ఇంజినీరే కానక్కర్లేదు. రెండు ఒడ్డుల నుంచీ ఫొటోలు తీయండి. సైజు తెలిసేలా ఒక మనిషిని పక్కన నిలబెట్టండి. ఇనప కమ్మీలు ఎన్ని త్రికోణాలుగా ఉన్నాయో పిల్లల చేత లెక్కపెట్టించండి. త్రికోణాలే ఎందుకో కూడా చెప్పండి. నాలుగు చెక్కల తలుపు కొన్నాళ్ళకి పక్కకి ఒరుగుతుంది, ఐమూలగా ఒక బద్ద కొడితే బిగుస్తుంది. ఇక్కడా అదే కిటుకు. అతుకుల దగ్గర గుండ్రటి తలలుంటే రివెట్లు, ఆరు మూలల నట్లుంటే బోల్టులు. రివెట్లయితే సాధారణంగా పాతకాలం పని. తయారుచేసినవాళ్ళ పేరుతో రేకు ఉంటే దగ్గరగా ఫొటో తీయండి. వంతెన మీద బండి ఆపకండి, వానలో కిందకి దిగకండి.

అసలైనది ఆ తర్వాత. ఆ దారిన సంతకి నడిచే ముసలమ్మల్ని అడగండి. "ఇది రాకముందు ఎలా దాటేవారు, అమ్మా? పసుపు మూటలు ఎవరు మోసేవారు? పురిటికి ఎటు తీసుకెళ్ళేవారు?" ఈ ప్రశ్నలు ఆఫీసు ఫైళ్ళలో ఉండవు. వంతెన పొడవు, ఖర్చు అక్కడ దొరకొచ్చు గానీ, దాని వల్ల ఎవరి బతుకు ఎంత తేలికైందో అక్కడ రాయరు. ఇంటి సంగతులు అడగడం మన ఆడవాళ్ళకి కొత్త కాదు కదా. చెప్పినావిడ పేరు, ఊరు, తేదీ కూడా ఆవిడ సరేనంటేనే రాసుకోండి.

పాత వంతెన తూకానికి పోతుంది. అది చూసిన పెద్దలూ ఎల్లకాలం ఉండరు. మీ ఊరి దారిలో అలాంటిది ఒకటుంటే, వానలు మొదలయ్యేలోపు పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్ళి రండి.