దున్న ఠీవి కాదు, దాని తల్లి పాడి చూడాలి

ఇంటి పడ్డలనే పాడికి పెంచే రైతుకు ఎద సూది నాడే అసలు పరీక్ష

నాదర్‌గుల్: దీపావళి వెళ్లగానే హైదరాబాద్‌లో జరిగే సదర్ ఉత్సవంలో హర్యానా నుంచి తెప్పించిన ముర్రా దున్నలను చూడటానికి జనం విరగబడతారు. నూనె రాసిన నిగనిగలాడే ఒళ్లు, మెలి తిరిగిన కొమ్ములు, మెడలో పూలదండలు. అంతటి దున్నను చూసిన పాడిరైతుకు తన బర్రెను కూడా అలాంటిదానితోనే దాటించాలనిపించడం సహజం. అయితే పుట్టబోయే పడ్డదూడను అమ్మకుండా ఇంట్లోనే పాడికి పెంచదలచిన రైతు ముందుగా అడగవలసింది దున్న బరువెంత అని కాదు. దాని తల్లి ఎన్ని పాలిచ్చింది, దాని కూతుళ్లు ఎన్ని పాలిస్తున్నాయి అని అడగాలి.

ఈ ప్రాంతంలో ఈ ప్రశ్నకు నేడు మరింత ప్రాధాన్యం వచ్చింది. హైదరాబాద్ నగరం నాదర్‌గుల్‌ను తనలో కలుపుకొని ఆదిభట్ల వైపు సాగిపోయింది. పొలాలు ప్లాట్లయ్యాయి. మేత బీళ్లు తరిగిపోయాయి. పాలకు గిరాకీ గడప ముందే ఉంది గాని పది పశువులను మేపే జాగా లేదు. ఇబ్రహీంపట్నం వైపు పల్లెల్లోనూ రెండు మూడు పశువులతో నెట్టుకొచ్చే రైతుకు ప్రతి పశువూ గిట్టుబాటు కావాలి. వట్టిపోయిన బర్రెను అమ్మి సంతలో మరొకటి కొంటే అప్పు మీద పడుతుంది. ఇంటి పడ్డను తయారు చేసుకుంటే అప్పు తప్పుతుంది గాని ఓపిక పట్టాలి. ఈ రెండో దారి పట్టినవారికి దున్న ఎంపికే ప్రధానం.

ఒక పూట నిర్ణయం, నాలుగేళ్ల ఫలితం

బర్రె చూడి కాలం సుమారు 310 రోజులు, ఆవుకు సుమారు 280 రోజులు. పుట్టిన పడ్డను బాగా మేపితే రెండున్నర, మూడేళ్లకు చూడి కడుతుంది. మరో పది నెలలకు ఈనుతుంది. అంటే ఈ రోజు వేయించిన ఎద సూది ఫలితం పాలచెంబులో కనిపించేది నాలుగేళ్లు దాటిన తర్వాతే. సంకరజాతి పెయ్య అయితే మూడేళ్లు పడుతుంది. ఎంపికలో పొరపాటు జరిగిందని తెలిసేసరికి అన్నేళ్ల మేత, చాకిరీ నేలపాలైనట్లే.

మరో లెక్క కూడా గమనించదగినది. ఇంటి దూడలనే పెంచుకుంటూ పోతే మూడో తరం పడ్డలో మొదటి బర్రె వాటా ఎనిమిదింట ఒక వంతే మిగులుతుంది. తక్కిన ఏడు వంతులూ మూడు తరాల్లో వాడిన మూడు దున్నలవే. కొత్త బర్రెను కొనకుండానే కొట్టం మొత్తాన్ని బాగుచేసేదీ, పాడుచేసేదీ దున్నే.

రెండు అవసరాలకు రెండు ఆబోతులు

మాంసం కోసం పశువులను పెంచే దేశాల్లో రైతులు ఈ తేడాను బాగా గుర్తించారు. పుట్టిన దూడలన్నింటినీ అమ్మేవాడు త్వరగా బరువు పెరిగే దూడలనిచ్చే ఆబోతును తెస్తాడు. పెయ్యలను మందలో ఉంచుకునేవాడు మరోలా ఎంచుతాడు. ఈత సులువుగా ఉండాలి, దూడకు సరిపడా పాలుండాలి, పశువు సాధువుగా ఉండాలి, మేతకు మించిన శరీరం ఉండకూడదని చూస్తాడు. ఆబోతు వృషణాల చుట్టుకొలతను కూడా కొలుస్తారు. ఆ కొలత మెరుగ్గా ఉన్న ఆబోతు కూతుళ్లు ముందుగా ఎదకు వస్తాయని తేలింది.

మన ఒంగోలు జాతి బ్రెజిల్‌కు వెళ్లి, నెల్లూరు పేరు మీద 'నెలోర్' అయి, ఆ దేశపు మాంసపు పశువుల్లో అత్యధిక భాగమైంది. 2023లో అక్కడ వియాటినా-19 అనే నెలోర్ పశువులో కొంత వాటాను అమ్మితే, పలికిన ధరను బట్టి దాని మొత్తం విలువ సుమారు 43 లక్షల డాలర్లని లెక్కకట్టారు. అది ఆబోతు కాదు, ఆవు. మాంసం కోసమే పెంచే చోట కూడా తల్లి వరుసకు ఎంత విలువ ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన పల్లెల్లో ఒకప్పుడు ఆబోతును కాడెద్దుల కోసం ఎంచేవారు. మూపురం, కాళ్ల బలం, నడక చూసేవారు. అప్పటి అవసరానికి అది సబబే. ట్రాక్టర్లు వచ్చి కోడెదూడకు గిరాకీ పడిపోయింది. పాడే ప్రధానమైంది. కాని చూసే చూపు మాత్రం చాలాచోట్ల పాతదే. తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను తెచ్చుకోవాలన్న పెద్దల మాట దున్నకూ వర్తిస్తుంది. దున్న తాను పాలివ్వదు కాబట్టి దాని గుణం తల్లిలో, అక్కచెల్లెళ్లలో, కూతుళ్లలోనే వెతకాలి.

సంకరజాతి శాతం మరవరాదు

నాటు ఆవుకు మేలైన జెర్సీ వీర్యం వేయిస్తే పుట్టే పెయ్యలో విదేశీ రక్తం 50 శాతం. ఆ పెయ్యకు మళ్లీ అసలు జెర్సీయే వేయిస్తే 75 శాతానికి చేరుతుంది. పాలు పెరగవచ్చు గాని ఎండను తట్టుకునే శక్తి తగ్గుతుంది. మేత, నీరు, వైద్యం ఖర్చులు పెరుగుతాయి. పచ్చిమేత కరవైన చోట 50 శాతం దగ్గర నిలుపుకోవడమే క్షేమం. అందుకు సంకరజాతి ఆవుకు సంకరజాతి ఆబోతు వీర్యమే అడగాలి. తొలిచూలు పెయ్యకు భారీ దూడలనిచ్చే ఆబోతును వాడితే ఈత కష్టమవుతుంది. హోల్‌స్టీన్ కంటే జెర్సీ దూడ చిన్నది.

ఊరి దున్నతో వచ్చే చిక్కు మరొకటి. ఒకే దున్న ఏళ్ల తరబడి ఊళ్లో ఉంటే అది తన కూతుళ్లనే దాటుతుంది. దానివల్ల దూడలు బలహీనపడతాయి, చూడి నిలవడం తగ్గుతుంది. మూడేళ్లకోసారి దున్నను మార్చక తప్పదు. పైగా ఒక పశువు నుంచి మరోదానికి ఈసుడు రోగం వంటివి అంటుకుంటాయి. వీర్య కేంద్రాల్లోని ఆబోతులకు ఇటువంటి రోగాల పరీక్షలు జరుపుతారు. ఈసుడు రోగానికి పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒకసారి టీకా వేయించాలి.

పెయ్యలే పుట్టేలా వేరుచేసిన వీర్యం కూడా నేడు అందుబాటులోకి వచ్చింది. దీనితో నూటికి 90 వరకు పెయ్యలు పుడతాయి. 2014లో మొదలైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద దీనికి రాయితీ ఉంది. మామూలు సూది కంటే చూడి కట్టే అవకాశం కొంత తక్కువ కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పడ్డలకు, ఒకటి రెండు ఈతల పశువులకే వేయించడం మేలు. అయినా పెయ్య పుట్టడం వేరు, మంచి పెయ్య పుట్టడం వేరు. ఏ దున్న వీర్యమన్న ప్రశ్న ఇక్కడా తప్పదు.

నంబరు రాసుకుంటేనే ప్రయోజనం

వీర్యపు గొట్టం మీద జాతి, ఆబోతు నంబరు, కేంద్రం పేరు ముద్రించి ఉంటాయి. సూది వేసిన తర్వాత ఆ గొట్టాన్ని పారవేయకుండా రైతు నంబరు రాసుకోవాలి. రేపు పుట్టే పెయ్యకు అదే దున్న మళ్లీ పడకుండా కాపాడేది ఆ ఒక్క నంబరే. పశువు చెవికి వేసే 12 అంకెల పోగు కూడా ఈ వివరాలు నమోదు చేయడానికే. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయించాలి. ఈలోగా నంబరు అడిగి తెలుసుకునే వ్యవధి ఎలాగూ ఉంటుంది.

రైతు అడిగితే సరిపోదు, చెప్పేవారూ ఉండాలి. తమ దగ్గరున్న వీర్యం ఏయే ఆబోతులదో, వాటి తల్లుల పాడి ఎంతో ప్రతి పశువైద్యశాల గోడ మీద తెలుగులో రాసి పెట్టాలి. పాల సంఘాలు పాలు కొలిచి డబ్బు చెల్లించడంతో ఆగకుండా ఏ పశువు ఈతకు ఎన్ని పాలిచ్చిందో నమోదు చేయాలి. ఏ దున్న కూతుళ్లు మెరుగో అప్పుడే తేలుతుంది. మేత బీళ్లు తిరిగి రావు. మిగిలిన రెండు మూడు పశువులైనా మేలైనవి కావాలంటే ఈ లెక్క ఈ ఎద నుంచే మొదలుకావాలి.