పోటీ కంపెనీలు చేతులు కలిపితే.. మనకేంటి?

చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులతో ఆడుకున్న బ్యాచ్ మనది. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా రింగ్‌లోకి దిగితే మనవాళ్లు ఎంత గోల చేశారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ‘అదంతా స్క్రిప్టే కదా, కెరీర్ పేజీలో దాని గోల ఏంటి?’ అంటారా? గెలుపోటములు ముందే రాసుకుంటారు, నిజమే. కానీ ఆ వెనకున్న కంపెనీలు, కాంట్రాక్టులు, గాయాలు మాత్రం పక్కా ఒరిజినల్. ఒకప్పుడు ఎదుటి కంపెనీ పేరెత్తడానికి కూడా ఇష్టపడని ఈ రంగంలో ఇప్పుడు ప్రత్యర్థులు చేతులు కలుపుతున్నారు. రేపు ఉద్యోగంలో చేరబోయే మీరు ఇది తప్పక గమనించాలి.

లాభం ఎవరికి?

ముందు మంచి మాట్లాడుకుందాం. అమెరికాలో 2019లో మొదలైన ఏఈడబ్ల్యూ, జపాన్‌లో 1972 నుంచి ఉన్న న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ కలిసి 2022 జూన్ 26న షికాగోలో ‘ఫర్బిడెన్ డోర్’ అనే షో పెట్టాయి. మరుసటి ఏడాది టొరంటోలో బ్రయాన్ డేనియల్సన్, కజుచికా ఒకాడా తలపడ్డారు. రెండు వేర్వేరు కంపెనీల స్టార్లు! తలుపులు మూసుకుని ఉంటే ఆ మ్యాచ్ అభిమానుల ఊహల్లోనే ఉండిపోయేది.

చిన్న కంపెనీలో పనిచేసేవాళ్లకైతే ఇది ఇంకా పెద్ద అవకాశం. జోర్డిన్ గ్రేస్ 2024 రాయల్ రంబుల్‌కి టీఎన్ఏ మహిళా చాంపియన్ హోదాలో అతిథిగా వచ్చింది. ఏడాది తిరిగేసరికి డబ్ల్యూడబ్ల్యూఈలోనే చేరిపోయింది. పెద్ద స్టేజీ మీద ఒక్కసారి కనిపిస్తే చాలు, రెజ్యూమే తనే మాట్లాడుతుంది. సర్వీస్ కంపెనీ తరఫున క్లయింట్ ఆఫీసులో పనిచేసి, పేరు తెచ్చుకునే ఇంజినీర్ పరిస్థితీ ఇలాంటిదే.

మరి నష్టం?

అదే కథని టీఎన్ఏ వైపు నుంచి చూడండి. తయారుచేసింది వాళ్లు, తీసుకెళ్లింది పెద్దోళ్లు. న్యూ జపాన్‌దీ అదే అనుభవం. విల్ ఆస్‌ప్రే, ఆ తర్వాత సాక్షాత్తూ ఒకాడా కూడా భాగస్వామి ఏఈడబ్ల్యూకే వెళ్లిపోయారు. ఇక 2025 జనవరిలో డబ్ల్యూడబ్ల్యూఈ, టీఎన్ఏ బహుళ సంవత్సరాల ఒప్పందం ప్రకటించాయి. ఆ మే నెలలోనే టీఎన్ఏ ప్రపంచ టైటిల్ డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ ట్రిక్ విలియమ్స్ చేతికి వెళ్లింది. దానివల్ల ప్రచారం వచ్చిన మాట వాస్తవం. కానీ ఇంటి తాళాలు పక్కింటోడి దగ్గర ఉన్నట్టే కదా?

ఇంకా ఘాటైన ఉదాహరణ కావాలంటే 1995 అక్టోబరు 9, టోక్యో డోమ్. ‘మాది నిజమైన ఫైట్’ అని చెప్పుకునే యూడబ్ల్యూఎఫ్‌ఐ అప్పటికే డబ్బు ఇబ్బందుల్లో ఉండి, న్యూ జపాన్‌తో కలిసింది. స్టేడియం కిక్కిరిసింది. కానీ మెయిన్ ఈవెంట్‌లో యూడబ్ల్యూఎఫ్‌ఐ నంబర్‌వన్ తకాడా, న్యూ జపాన్ స్టార్ ముతో చేతిలో ఓడిపోయాడు. అదీ షో రెజ్లింగ్ పట్టుతోనే! డబ్బు వచ్చింది, పరువు పోయింది. 1996 డిసెంబరుకల్లా ఆ కంపెనీ మూతపడింది. అవసరంలో ఉన్నవాడు చేతులు కలిపితే స్క్రిప్ట్ అవతలివాడే రాస్తాడు.

అసలు భయం ఇక్కడుంది

ఇవన్నీ కంపెనీల మధ్య లెక్కలు. మీ జేబుకి తగిలేది ఇంకోటి ఉంది. 1948లో అమెరికా ప్రమోటర్లు ఎన్‌డబ్ల్యూఏ అనే కూటమి కట్టారు. ఏరియాలు పంచుకున్నారు. కూటమి బయట పనిచేసిన రెజ్లర్లని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టారు. చివరికి అక్కడి న్యాయ శాఖ రంగంలోకి దిగి, 1956లో ఆ పద్ధతులు మానేస్తామని ఒప్పించింది.

‘పాత కాలం సంగతిలే’ అనుకోకండి. మనమంతా కలలుగనే సిలికాన్ వ్యాలీలో గూగుల్, యాపిల్, ఇంటెల్, అడోబీ లాంటి సంస్థలు ఒకరి ఉద్యోగులకి ఒకరు ఫోన్ చేసి పిలవకూడదని లోలోపల అనుకున్నాయి. 2010లో న్యాయ శాఖతో రాజీకి రావాల్సి వచ్చింది. ఇంజినీర్లు వేసిన దావాలో ఈ నాలుగూ కలిసి 41.5 కోట్ల డాలర్లు కట్టేందుకు ఒప్పుకున్నాయి. 2015లో కోర్టు దానికి ఆమోదం తెలిపింది.

అందుకే నా అభిప్రాయం ఇది: కంపెనీలు కలిసి షో పెడితే చప్పట్లు కొడదాం. కలిసి మన దారులు మూసేస్తే మాత్రం అది స్నేహం కాదు, కుమ్మక్కు. రెంటికీ తేడా తెలియాలంటే ఒకటే ప్రశ్న: పనిచేసేవాడికి ‘నేను అటు వెళ్తా’ అనే స్వేచ్ఛ మిగిలిందా, లేదా? గ్రేస్‌కి మిగిలింది. ఎన్‌డబ్ల్యూఏ రెజ్లర్‌కి మిగల్లేదు.

ఆఫర్ లెటర్ చేతికొచ్చిన ఆనందంలో చివరి పేజీ వరకు చదవకుండా సంతకం పెట్టేయకండి. క్లయింట్ దగ్గర చేరకూడదనే షరతు ఉందా? ఉంటే ఎన్నాళ్లు? బాండ్ ఎంత, దేనికి? నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు? హెచ్‌ఆర్‌ని మర్యాదగా అడగండి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. ఉద్యోగం మానేశాక కూడా పోటీ సంస్థలో చేరొద్దనే షరతు, మన 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద సాధారణంగా చెల్లదు. శిక్షణ ఖర్చు పేరుతో రాయించుకునే బాండ్ సంగతి మాత్రం వేరు, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అర్థం కాకపోతే సీనియర్‌కో, తెలిసిన లాయర్‌కో చూపించండి. ఒక గంట పని, అంతే.