దివిసీమకు రోప్‌వే: వేడుకకా? రేవు దాటడానికా?

మచిలీపట్నం: కార్తీకమాసం వచ్చిందంటే చిలకలపూడి పాండురంగస్వామి ఉత్సవాలతో, మంగినపూడి సముద్ర స్నానాలతో బందరు ప్రాంతం కిటకిటలాడుతుంది. మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగరసంగమం వద్ద ఇసుక వేస్తే రాలనంత జనం చేరతారు. తిరునాళ్లు జరిగే చోట రంగులరాట్నం, జెయింట్ వీల్ వెలవడం మామూలే. పిల్లలు మారాం చేస్తారు, పెద్దలు జేబులు తడుముకుంటారు. ఆ తొట్టెలో పైకి లేచి, చుట్టూ వున్న వరిచేలను, రొయ్యల చెరువులను ఒక్క నిమిషం చూసి దిగడమే కొండలు లేని డెల్టా వాసులకు దక్కే ఆకాశయానం.

విశాఖ కైలాసగిరి మీదికి రోప్‌వే వుంది. శ్రీశైలంలో పాతాళగంగకు మెట్లు దిగలేని భక్తులు రోప్‌వే తొట్టెల్లో దిగుతున్నారు. విజయవాడ భవానీ ద్వీపానికి రోప్‌వే వేయాలన్న మాట ఏళ్ల తరబడి వినిపించినదే. 2022లో కేంద్రం పర్వతమాల పేరిట రోప్‌వేల పథకాన్ని ప్రకటించింది. కాశీలో ఊరి మీదుగా నడిచే రోప్‌వేకు 2023లో శంకుస్థాపన జరిగింది. ఈ పరిస్థితుల్లో కృష్ణా దిగువ డెల్టాకు రోప్‌వే తగునా, తగితే ఎక్కడ, ఎందుకు అన్నది ఆలోచించవలసి వుంది.

వేడుకగా పుట్టిన తీగ

జనాన్ని తీగ మీద వేలాడదీసి తిప్పే ఆలోచన నూరేళ్లకు పైబడినది. స్పెయిన్‌కు చెందిన టొరెస్ కెవెడో అనే ఇంజనీరు రూపొందించిన తీగబండి 1916లో నయాగరా నది సుడిగుండం మీద మొదలై వందేళ్లు దాటినా నడిచింది. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో 628 అడుగుల ఎత్తు వున్న రెండు స్తంభాల మధ్య తీగలు కట్టి బండ్లు నడిపారు. ప్రదర్శన ముగిశాక స్తంభాలను కూల్చివేశారు.

వినోద పార్కుల్లో దీనికి అసలైన ఊపు తెచ్చింది డిస్నీలాండ్. 1956లో స్విట్జర్లాండుకు చెందిన వాన్‌రోల్ సంస్థ చేసిన తొట్టెలు అక్కడ తిరగడం మొదలుపెట్టాయి. తరువాత అమెరికాలోని అనేక పార్కులు అదే బాట పట్టాయి. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో నడిచిన తొట్టెలను తరువాత న్యూజెర్సీలోని ఒక పార్కుకు తరలించారు. మన తిరునాళ్లలో రాట్నం ఊరు మారినట్లే అక్కడా మారిందన్నమాట.

ఆ వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. 1978లో సెయింట్ లూయీ వద్ద ఒక పార్కులో తొట్టె పడి ముగ్గురు చనిపోయారు. 1979లో టెక్సాస్ సంతలో ఈదురుగాలి వీస్తున్న రోజున తొట్టెలు ఢీకొని పడి ఒకరు మరణించారు. పాతబడిన యంత్రాలకు మరమ్మతుల ఖర్చు పెరిగింది. చాలా పార్కులు వీటిని వదిలించుకున్నాయి. డిస్నీలాండ్ కూడా 1994లో మూసివేసింది.

తిరిగి వచ్చింది రవాణా కోసం

మూలబడిన తీగకు మళ్లీ ప్రాణం పోసింది వేడుక కాదు, అవసరం. కొలంబియాలోని మెదెయిన్ నగరంలో కొండవాలు పేటల వారు ఊళ్లోకి దిగి రావడానికి 2004లో తొట్టెల మార్గం వేశారు. 2014లో బొలీవియాలోని లా పాజ్ నగరం అదే పని ఇంకా పెద్ద ఎత్తున చేసింది. డిస్నీ సంస్థ కూడా 2019లో ఫ్లోరిడాలో కొత్త తీగమార్గం తెచ్చింది. అయితే అది వినోదానికి కాక హోటళ్ల నుంచి పార్కులకు జనాన్ని చేరవేయడానికి. అది కూడా మొదలైన వారం రోజుల్లోపే ఆగిపోయి, ప్రయాణికులు గంటల తరబడి గాలిలో వుండిపోయారు.

కొత్త పద్ధతిలో తొట్టె పట్టు స్టేషనులోకి రాగానే తీగను వదులుతుంది. తీగ తన వేగాన తాను పోతుంటే, తొట్టె పట్టాల మీద మెల్లగా కదులుతుంది. ముసలివారు, పిల్లలు తొందర లేకుండా ఎక్కవచ్చు. తలుపు పడ్డాక తొట్టె మళ్లీ తీగను పట్టుకుంటుంది. గాలి వేగం కొలిచే పరికరాలు, కరెంటు పోతే తొట్టెలను ఒడ్డుకు చేర్చే మరో ఇంజను వుంటాయి.

మన దేశంలో పాత, కొత్త రెండూ చూడాలంటే బీహారులోని రాజగిర్ వెళ్లాలి. అక్కడి శాంతిస్తూపాన్ని 1969లో అప్పటి రాష్ట్రపతి వి.వి. గిరి ప్రారంభించారు. ఆ కొండకు ఒక్కొక్కరు కూర్చుని వెళ్లే కుర్చీల రోప్‌వే వుండేది. వృద్ధులు ఎక్కలేని ఆ కుర్చీలకు తోడుగా 2021లో ఎనిమిది మంది పట్టే మూసిన తొట్టెలు వచ్చాయి.

గౌహతి చెప్పే పాఠం

దివిసీమకు దగ్గరి పోలిక కొండ మీది రోప్‌వే కాదు, నది మీది రోప్‌వే. అస్సాంలో బ్రహ్మపుత్ర మీద గౌహతి, ఉత్తర గౌహతిల మధ్య 2020 ఆగస్టులో ప్రారంభమైన రోప్‌వే పొడవు సుమారు 1.8 కిలోమీటర్లు. ఖర్చు సుమారు రూ.56 కోట్లు. పని పూర్తి కావడానికి పదేళ్లకు పైగా పట్టింది. అటు ఒక పెట్టె, ఇటు ఒక పెట్టె, ఒక్కొక్కదానిలో ముప్పై మంది ప్రయాణికులు. పడవలో అరగంట పట్టే దూరం పది నిమిషాల లోపే దాటుతున్నారు.

ఈ లెక్కను ఏటిమొగ రేవుకు అన్వయించి చూడాలి. నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవుల వారు ఏటిని దాటడానికి పంటు మీదే ఆధారపడుతూ వచ్చారు. గాలి లేచినా, ఏరు పోటెత్తినా పంటు ఆగుతుంది. నొప్పులు పడుతున్న ఇల్లాలైనా, పరీక్షకు పోవలసిన విద్యార్థి అయినా ఒడ్డున నిలబడవలసిందే. అందుకే వంతెన కావాలని దీవుల వారు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు.

ఇక్కడ రోప్‌వే వేస్తే మనిషి దాటగలడు. మోటారుసైకిలు దాటదు. ధాన్యం బస్తా, రొయ్యల మేత, పీతల బుట్టలు, ఇటుక, ఇసుక, పాడిగేదె దాటవు. గౌహతి తరహాలో ఎక్కడం, దిగడం కలిపి ఒక విడతకు పది నిమిషాలు అనుకున్నా గంటకు ఒక వైపు దాటేది 180 మంది. రోజువారీ ప్రయాణికులకు అది చాలవచ్చు గాని, తుపాను హెచ్చరిక వచ్చి దీవులు ఖాళీ చేయవలసి వస్తే చాలదు. పైగా గాలి పెరిగితే పంటుతోపాటు రోప్‌వే కూడా ఆపక తప్పదు. ఏ గండం నుంచి బయటపడాలని దీవుల వారు కోరుతున్నారో, ఆ గండం వచ్చిన రోజునే అది పని చేయదన్నమాట. వంతెన అడిగిన వారికి రోప్‌వే చూపడం అన్నం అడిగితే తాంబూలం ఇచ్చినట్లవుతుంది.

ఉప్పుగాలి, ఒండ్రునేల

1864లో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది పోయారని చరిత్ర చెబుతోంది. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ పడిన బాధ ఇంటింటికీ తెలిసినదే. 1990 మే నెలలో మళ్లీ పెనుతుపాను కృష్ణా ముఖద్వారం వద్దనే తీరం దాటింది. ఈ తీరాన నిలబెట్టే ఏ స్తంభమైనా ఆ గాలులకు తట్టుకోవలసిందే. నేల ఒండ్రు. పునాదులు లోతుకు దించాలి. ఉప్పుగాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో ఇంజను పడవలున్న వారిని అడిగితే చెబుతారు. నదీముఖం వద్ద మడ అడవులు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో వున్నాయి. అక్కడ అనుమతులు సులభం కాదు.

ఇక వేడుక మాట. మంగినపూడి తీరం ఉత్సవాలకు పేరు తెచ్చుకుంటున్నది. పర్యాటకులు పెరిగితే చిన్నపాటి తీగమార్గం ముచ్చటగానే వుంటుంది. అయితే కొండ ఎక్కే అవసరం లేని చోట అది ఏడాదిలో పండుగ రోజుల్లోనే నిండుతుంది. మిగిలిన రోజుల్లో ఖాళీ తొట్టెలకు కరెంటు, కాపలా, తుప్పు ఖర్చు తప్పవు. బందరు, గుడివాడ పట్టణాల్లో కాలువల మురుగు, ఇరుకు రోడ్లు ముందు వరుసలో వుండగా ఆ ఖర్చుకు వంతు ఎప్పుడు వస్తుందో ఊహించవచ్చు.

తనిఖీ లేనిదే తీగ లేదు

రోప్‌వే వచ్చినా రాకపోయినా, దాని చరిత్ర చెప్పే పాఠం మన తిరునాళ్లకు ఈ రోజే అవసరం. 2022 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని దేవ్‌ఘర్ వద్ద రోప్‌వే ఆగి, ముగ్గురు మరణించగా మిగిలిన వారిని హెలికాప్టర్లతో దించడానికి నలభై గంటలకు పైగా పట్టింది. అదే ఏడాది అక్టోబరులో గుజరాత్ మోర్బీలో తీగల వంతెన తెగి 135 మంది ప్రాణాలు పోయాయి. మన కృష్ణలోనే 2017 నవంబరులో, కార్తీక ఆదివారం నాడు, పవిత్ర సంగమం వద్ద విహారపు పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అంతమంది ప్రాణాలు తీసింది సరదాగా మొదలైన ప్రయాణమే.

జెయింట్ వీల్ బోల్టులను తిరునాళ్లకు ముందు ఇంజనీరు చేత చూపించాలి. ఎంతమంది ఎక్కవచ్చో బోర్డు మీద రాయాలి. గాలి లేస్తే ఆపాలన్న నిబంధనను నిర్వాహకుని ఇష్టానికి వదలరాదు. పంటు మీద ప్రతి ప్రయాణికునికీ లైఫ్‌జాకెట్ వుండాలి. వీటికి కోట్లు అక్కర లేదు, అధికారులు ఒక పూట వచ్చి చూస్తే చాలు.

ఎదురుమొండి రేవుకు కావలసింది బండి, బస్తా, మనిషి కలిసి దాటే వంతెన. అది ముందు జరగాలి. ఆకాశంలో తిరిగే ముచ్చట ఆ తరువాత తీర్చుకోవచ్చు.